చలికి తలగుడ్డ, మెడకు మఫ్లరు

చలికాలమనగానే పత్రికలలోను చిత్రములలోను మంచుకొండలు, ఉన్నికోటులు, తోలు చేతితొడుగులు కనబడును. వానిని చూచి మన విద్యార్థులు కొందరు అట్టివే కావలెనని తల్లిదండ్రులను వేధించుటయు, మఱికొందరు అట్టివి కొనలేక ఏమియు లేకయే వణకుచు బడికి వచ్చుటయు మేము ప్రతి సంవత్సరమును చూచుచున్నాము. ఈ రెండును పొరపాట్లే. మన బిట్రగుంట చలి సిమ్లా చలి కాదు. దీనికి తగిన సాధనములు వేఱు. అవి చౌకయైనవి, సులభముగా దొరకునవి, ఎన్నుకొనుట తెలిసినచో చూచుటకు సొంపైనవి కూడ. ఏది యెందులకు పనికివచ్చునో, దానిని ఎట్లు ధరింపవలెనో విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును తెలుపుటకై ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మన చలి యెట్టిది?

నెల్లూరు సముద్రతీరమున చలికాలము వానతోడనే వచ్చును. ఆషాఢ శ్రావణములలో రాష్ట్రమున తక్కిన జిల్లాలు తడియుచుండగా మనకు పడు వాన కొంచెమే. అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు వీచు ఈశాన్య ఋతుపవనములే మన సంవత్సరపు వర్షములో సగమునకు మించి తెచ్చును. తుపానులును తఱచుగా ఆ నెలలలోనే వచ్చును. 1989 నవంబరులో కావలి దాపున తీరము దాటిన పెనుతుపానును పెద్దలు నేటికిని చెప్పుకొందురు. ఆ వానలు వెనుకబట్టిన పిమ్మట పొడిచలి కొన్ని వారములుండును. శివరాత్రికి చలి శివశివా యని పోవునని లోకోక్తి.

డిసెంబరు, జనవరి నెలల వేకువను మన యుష్ణమాపకము 20 డిగ్రీల దాపున నిలుచును. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగిలోనైతే కొన్ని రాత్రులు అది సున్న దాక దిగును. పొడిగా నున్న దేహమునకు 20 డిగ్రీలు హాయియే. అయినను మన పిల్లలు వణకుటకు కారణమేమి? తడి యొకటి, గాలి యొకటి.

మానవదేహపు వేడి సుమారు 37 డిగ్రీలు. దేహము నంటియుండు పలుచని గాలిపొర ఆ వేడిచే వెచ్చబడి దుప్పటివలె మనలను కాపాడును. గాలి వీచినప్పుడు ఆ పొర కొట్టుకొనిపోవును. సైకిలుపై పోవువాడు గాలిలేని దినమునను తన గాలిని తానే పుట్టించుకొనును. ఇక నీటి సంగతి. వేడిని కొనిపోవుటలో నీరు కదలని గాలికంటె సుమారు 25 రెట్లు చురుకైనది. అదిగాక తడిసిన చొక్కాలోని నీరు ఆవిరి యగుటకు కావలసిన వేడిని మన దేహమునుండియే తీసికొనును. వేసవిలో మట్టికుండలోని నీరు ఏల చల్లబడునో, కార్తికమాసపు వానలో తడిసిన బాలుడు అందుకొఱకే వణకును.

కావున చలికై యొక వస్తువును కొనునప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఇది తడి నాపునా? ఇది గాలి నాపునా? ఇది తన పోగుల నడుమ వెచ్చని గాలిని నిలుపునా? ఒక్కటే వస్తువు ఈ మూడు పనులను చేయుట అరుదు. ఏ దినమునకు ఏది కావలెనో తెలిసికొనుటయే వివేకము. అందము నాలుగవ ప్రశ్న. అది తక్కిన మూటికి విరోధి కాదు.

తలకు

దేహపు వేడిలో సగము తల ద్వారానే పోవునను మాట చాలమంది నోట వినబడును. అది నిజము కాదు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నలులో రేచెల్ వ్రీమన్, ఆరన్ కారల్ అనువారు జనులలో వ్యాపించిన కొన్ని వైద్యసంబంధమైన అపోహలను పరిశీలించుచు దీనిని కూడ త్రోసిపుచ్చిరి. తల దేహపు పైభాగములో ఇంచుమించు పదవ వంతు. దాని ద్వారా పోవు వేడియు ఇంచుమించు అంతియే. అయినను ముఖము, చెవులు చలిని శీఘ్రముగా గుర్తించును గనుక తల కప్పుకొనగానే దేహమంతటికిని హాయి తోచును.

పొడిచలి దినములలో మన రైతులు చుట్టుకొను నూలు తలగుడ్డయే మిక్కిలి యుపయోగకరము. దానిని చెవులపైనుండి చుట్టి గడ్డము క్రింద దోపినచో గాలి దూరదు. ఎండ యెక్కగానే విప్పి భుజముపై వేసికొనవచ్చును. కాని నూలు తడిని పీల్చి పట్టుకొనును. వానలో తడిసిన తలగుడ్డను వెంటనే విప్పి, పిండి, ఆఱవేయవలెను గాని తలమీదనే ఆఱనీయరాదు.

మన బజారులలో మంకీ క్యాపు అనబడు ఉన్నిటోపీకి ఇంగ్లీషువారి పేరు బాలక్లావా. అది క్రిమియా దేశమందలి యొక రేవుపట్టణపు పేరు. 1854 అక్టోబరులో అచ్చట గొప్ప యుద్ధము జరిగెను. ఆ సంగ్రామమున చలిచే బాధపడిన బ్రిటిష్ సైనికులకు స్వదేశమునుండి అల్లిన టోపీలు పంపబడెను. ముందు బొత్తాములుండు ఉన్నియంగీకి కార్డిగన్ అను పేరు కూడ అదే యుద్ధమున ఆశ్వికదళమును నడిపిన కార్డిగన్ ప్రభువు వలన వచ్చినది. యుద్ధభూమిలో సైనికులను కాచిన యాటోపీయే నేడు మన స్టేషనులో వేకువబండికై కనిపెట్టుకొనియుండు తాతగారి తలపై కనబడుచున్నది.

అయితే మన యూరివారికి ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసియున్నది. మంకీ క్యాపు చెవులను మూయును. దానిలోపల కొందరు బాలురు పాటలు వినుటకై చెవిగొట్టములు కూడ పెట్టుకొనుచున్నారు. ఆవిరియింజనుల కాలమున, మన యూరి ఇంజనుషెడ్డు పనిచేయుచున్న దినములలో, బండి వచ్చుచున్నదని దూరమునుండియే దాని రొద చెప్పెడిది. విద్యుచ్ఛక్తితో నడచు నేటి బండి అంత రొద చేయదు. గంటకు 108 కిలోమీటర్ల వేగముతో వచ్చు బండి సెకనునకు 30 మీటర్లు పరుగెత్తును. 300 మీటర్ల దూరమున కనబడిన బండి 10 సెకనులలో మన ముందుండును. పొగమంచు పట్టిన యుదయమున అంత దూరము కనబడుటయు కష్టమే. కావున పట్టాల దాపునకు రాగానే టోపీని చెవులపైకి మడువవలెను. వంతెన గాని గేటు గాని యున్నచోటనే దాటవలెను. ఈ యొక్క మాటను తల్లులు ప్రతి దినమును పిల్లలకు చెప్పి పంపుదురుగాక.

మెడకు

చొక్కాలో వెచ్చబడిన గాలి పైకి లేచి మెడయొద్దనుండి వెలుపలికి పోవును. ఆ ద్వారమును మూసినచో పలుచని చొక్కాయే వెచ్చగా తోచును. ఈ కారణముచేతనే మన ప్రాంతమునకు స్వెట్టరుకంటె మఫ్లరు ఎక్కువ పనికివచ్చునని మా యభిప్రాయము. దానికి వ్యయమును తక్కువ. ఎండ వచ్చినప్పుడు మడచి సంచిలో పెట్టుకొనుటయు సులభము.

మఫ్లరు మెడచుట్టు ఒక్కమాఱు తిరిగి, రెండు కొసలును ఱొమ్ముపై ఒకదానిమీద నొకటి పడి, చొక్కాలోనికో కోటులోనికో దోపుటకు చాలునంత పొడవుండవలెను. అంతకు మించిన పొడవు అలంకారమునకే గాని వెచ్చదనమునకు కాదు, పైగా అపాయకరము. ఇసడోరా డంకన్ అను ప్రసిద్ధ నర్తకి 1927 సెప్టెంబరులో ఫ్రాన్సుదేశపు నీసు పట్టణమున మోటారుబండిలో పోవుచుండగా, ఆమె మెడను చుట్టుకొనిన పొడవైన పట్టుగుడ్డ చక్రమునకు చిక్కుకొని ప్రాణము తీసెను. సైకిళ్లపైనను మోటారుసైకిళ్లపైనను వెళ్లు మన బాలికల ఓణీలకు, చున్నీలకు ఇదే యపాయము కలదు. కొసలు దోపుకొనక బండి నెక్కరాదు.

రంగునుగూర్చి యొక మాట. బడిదుస్తులతో ధరించునది ఒకేరంగుదై, దుస్తుల రంగుతో కలిసిపోవునదిగా నుండుట సొంపు. రంగురంగుల గళ్లు, మెఱపుదారములు పెండ్లికి తగును గాని తరగతికి తగవు. వేకువను రోడ్డుమీద నడచువారికి తెలుపు, లేతపసుపు మేలు. మసకవెలుగులో లారీ నడపువానికి అవి ముందుగా కనబడును. ఎఱ్ఱని మఫ్లరు ధరించుట తప్పు కాదు గాని పట్టాల ప్రక్కన దానిని ఊపుచు ఆడుకొనరాదు. ఎఱ్ఱగుడ్డ యూపుట ప్రమాదచిహ్నమని రైలువారి యూరిలో పుట్టిన పిల్లలకు వేఱుగ చెప్పవలెనా?

చేతులకు, పాదములకు

నడచి బడికి వచ్చువారికి మన చలిలో చేతితొడుగులు అక్కరలేదు. వేకువను సైకిలు త్రొక్కువారికి మాత్రము పలుచని యల్లిక తొడుగులు సుఖకరములు. వ్రేళ్లన్నియు ఒకే గూటిలో నుండు తొడుగు, వేఱువేఱు వ్రేళ్లుగల తొడుగుకంటె వెచ్చన. ఏలయనగా అందులో వ్రేళ్లు ఒకదాని వేడిని ఒకటి పంచుకొనును. కాని దానితో సైకిలు బ్రేకును చక్కగ పట్టుకొనుట కష్టము. అట్టిచోట వెచ్చదనముకంటె పట్టు ముఖ్యము.

మేజోళ్ల విషయమున తల్లులు తఱచుగా పొరపడుచున్నారు. వానదినమున పిల్లవానికి మేజోళ్లు, బూట్లు తొడిగి పంపినచో దారిలో అవి తడిసి, బడి విడుచువఱకు పాదములు నీటిలోనే నానును. పొరలు లేచుట, వ్రేళ్ల సందులలో ఒఱయుట అందువలననే. అట్టి దినమున చెప్పులతో పంపి, పొడి మేజోళ్లను చిన్నతుండుగుడ్డను చిక్కము లేని సంచిలో చుట్టి పుస్తకములతోపాటు ఇయ్యవలెను. బడికి వచ్చి కాళ్లు తుడుచుకొని పొడి మేజోళ్లు తొడిగికొనిన బాలుడు ఖరీదైన బూట్లు తడిసిన బాలునికంటె సుఖముగా నుండును.

వానకు

వానచలికి మన దేశమున అనాదిగా నున్న మంచి కవచము గొంగళి. నెల్లూరు గొఱ్ఱె దేశమంతట పేరుపొందినది. హిందూదేశపు గొఱ్ఱెలలో మిక్కిలి పొడవైనది. పల్ల, జోడిపి, దొర అని అందు మూడు విధములు. అయినను ఆ గొఱ్ఱెకు ఉన్ని లేదు, పొట్టి వెండ్రుకలే కలవు. వేడిప్రాంతమునకు తగినట్లే దేవుడు దానికి అంగీ నిచ్చెను. కావున మన గొల్లలు కప్పుకొను గొంగళి మన గొఱ్ఱెది కాదు. తెలంగాణము, కర్ణాటకము మొదలగు ఎగువ సీమలలోని దక్కనీ గొఱ్ఱెల నల్లని ముతక ఉన్నితో కురుమలు దానిని నేయుదురు. చింతగింజల గంజి పెట్టి దానిని బిగువు పఱతురు. అట్టి గొంగళిపై వాన శీఘ్రముగా లోనికి దిగదు. ఉన్ని తన బరువులో సుమారు మూడవ వంతు తేమను పీల్చియు ఒంటికి తడిగా తోచదు. నూలుకు ఈ గుణము లేదు.

గొంగళి గఱకని మనవారు నవ్వుదురు. అది నిజమే. ఉన్నిపోగు ఎంత లావైన నంత గఱకు. మిల్లీమీటరులో వేయవ వంతును మైక్రాను అందురు. మెరినో ఉన్నిపోగు 24 మైక్రానులకు లోపుగా నుండును. దక్కనీ ఉన్ని అంతకంటె లావు. కావున గొంగళిని ఒంటి నంటి గాక చొక్కాపైని కప్పుకొనవలెను.

గొంగళియు లేనివారు గోనెసంచి యొక్క అడుగుమూలను రెండవ మూలలోనికి దోపి తలపైనుండి వీపుమీదికి వేసికొందురు. దీనిని గూర్చి మా యనుభవమొకటి చెప్పవలసియున్నది. మేము పూర్వమొక పాఠశాలలో పనిచేయుచుండగా, ఒక కార్తికమాసపు ఉదయమున ఏడవ తరగతి బాలుడు నీరు కాఱుచు వచ్చి బల్లపై కూర్చుండెను. శబ్దలేఖనము వ్రాయ నారంభించితిమి. ఆ బాలుడు కలము పట్టలేకపోయెను. వ్రేళ్లు కొయ్యబాఱి అక్షరములు వంకరలు పోయెను. రెండు మూళ్ల దూరము గొడుగైనను లేక ఏల వచ్చితివని కొంచెము కోపముతోనే అడిగితిమి. అతడు తలవంచుకొని, “గోనె ఉంది సార్. చింతచెట్టు తొఱ్ఱలో పెట్టి వచ్చాను. తడిసిన గోనె వరండాలోకి తేవద్దన్నారు గదండీ మీరు” అనెను.

నిజమే. ముందటి దినమున నేల చిత్తడి యగుచున్నదని మేమే అట్లు చెప్పితిమి. గొడుగులను గూర్చి మాత్రము మేమేమియు అనలేదు. పిల్లలు ఆ భేదమును గుర్తించిరి. గోనె వేసికొని వచ్చిన వారిని చూచి కొందరు నవ్విరి. కావుననే ఆ బాలుడు బడి కనబడగానే గోనె తీసివేసి చివరి రెండు ఫర్లాంగులు వానలో తడియుచు వచ్చెను. అతనిని తడిపినది వాన కాదు, మా మాట. ఆ మధ్యాహ్నమే వరండాలో ఒక లావుత్రాడు కట్టించి, గొడుగు, రెయిన్‌కోటు, గోనె, గొంగళి అను భేదము లేక అన్నియు దానిపైననే వ్రేలాడవేయుడని చెప్పితిమి. మఱుసటి వానకు ఆ బాలుని గోనె ఒక వైద్యుని కుమారుని రెయిన్‌కోటు ప్రక్కన వ్రేలాడెను.

కొనుటయు, అల్లుటయు

ఉన్నియని అమ్మబడునదంతయు ఉన్ని కాదు. బజారులోని మఫ్లరులలో చాలభాగము అక్రిలిక్ అను కృత్రిమపు దారముతో చేయబడినవి. అది చౌక, తేలిక, ఉదుకుటకు సులభము. మన చలికి చాలినదే. కాని కొనుచున్నది ఏదో తెలిసి కొనవలెను. 1964లో ఏర్పడిన వుల్‌మార్క్ గుర్తును బట్టి స్వచ్ఛమైన ఉన్నిని గుర్తింపవచ్చును. ఇంటిలో పెద్దలు ఒక్క పోగును తీసి, పట్టకారుతో పట్టి, మంటకు చూపినను తెలియును. ఉన్ని వెండ్రుక కాలిన వాసనతో కాలి, వ్రేళ్లతో నలిపిన బూడిద యగును. అక్రిలిక్ కరగి గట్టి పూసవలె నగును. ఇందుననే దాని యపాయమును తెలియుచున్నది. చలిమంటయొద్దను, భోగిమంటయొద్దను, పొయ్యియొద్దను అట్టి మఫ్లరు అంటుకొన్నచో కరగి చర్మమునకు పట్టుకొనును. మంటయొద్దకు పోవునప్పుడు దానిని తీసివేయవలెను.

కొనుటకంటె అల్లుకొనుట మేలు. గోదావరి ప్రాంతమున నరసాపురపు లేసు అల్లిక పందొమ్మిదవ శతాబ్దమున మిషనెరీల వలన ప్రారంభమై, వేలకొలది స్త్రీలకు జీవనాధారమై, 2024లో భౌగోళికగుర్తింపును కూడ పొందినది. లేసు అల్లు కొక్కెపుసూది చేతికి వచ్చిన బాలిక లావుదారముతో మఫ్లరును కొలదిదినములలోనే అల్లగలదు. ఇది ఆడువారి పనియని బాలురు తప్పించుకొనరాదు. 1589లో మేజోళ్ల నల్లు యంత్రమును మొట్టమొదట కనిపెట్టిన విలియం లీ యనువాడు ఇంగ్లండులోని కల్వర్టన్ గ్రామపు పాదిరి.

అల్లినదానిని కాపాడుటయు తెలియవలెను. ఉన్నిని వేడినీట ఉదికినచో కుదించుకొనిపోవును. చల్లని కుంకుడురసములో మెల్లగ జాడించి, మెలివేయక నొక్కి నీరుదీసి, నీడలో చాపపై పఱచి ఆఱనీయవలెను. వేసవిలో బాగుగా ఆఱిన పిమ్మట ఎండిన వేపాకుతో పెట్టెలో పెట్టినచో పురుగు భయము తగ్గును.

ఉత్తరమునకు పోవువారికి

మన పూర్వవిద్యార్థులు సైన్యములోను, రైల్వేలోను, కళాశాలలలోను చేరి ఉత్తరదేశమునకు పోవుచున్నారు. 1929లో ప్రారంభమైన గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్సు నేటికిని మన పట్టాలమీదుగా ఢిల్లీకి పోవుచున్నది. జనవరి రాత్రులలో అచ్చట 5 డిగ్రీలకును దిగును. అట్టి చోటికి ఒక్క లావుకోటుకంటె మూడు పొరలు మేలు: ఒంటిని పొడిగా నుంచు పలుచని లోపలియంగీ, గాలిని నిలుపు ఉన్నిస్వెట్టరు, గాలి నాపు పైకోటు. టోపీ, మఫ్లరు, రెండు జతల ఉన్నిమేజోళ్లు పెట్టెయడుగున గాక చేతిసంచిలో నుంచవలెను. చలి బండిలోనే, అర్ధరాత్రమున ఎదురగును.

ముగింపు

పౌలు అపొస్తలుడు చెఱసాలలోనుండి తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో గొప్ప విశ్వాసవిషయముల నడుమ, త్రోయలో కర్పు నొద్ద విడిచివచ్చిన తన అంగీని తెమ్మనియు, శీతకాలమునకు ముందుగా రమ్మనియు కోరెను. అంగీని అడుగుటకు ఆయన సిగ్గుపడలేదు. నిర్గమకాండమున, బీదవాని దుప్పటిని తాకట్టు పట్టినవాడు ప్రొద్దు గ్రుంకకమునుపే దానిని తిరిగి ఇయ్యవలెనని ఆజ్ఞ కలదు; రాత్రి వానికి కప్పుకొనుటకు అది తప్ప వేఱొకటి లేదు. దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు పేతురునకు చూపినవి ఆమె కుట్టియిచ్చిన అంగీలే.

కావున ఈ క్రిస్మసునకు మూడు పనులు చేయుదమని మా ప్రార్థన. తల్లిదండ్రులు పిల్లవానికి క్రొత్తది కొనునప్పుడు, పొట్టియైన పాతదానిని ఉదికి, ఆఱవేసి, బడికి పంపుదురుగాక. అల్లిక నేర్చిన విద్యార్థులు తమకై యొకటి, పేరు చెప్పక ఇచ్చుటకై యొకటి అల్లుదురుగాక. ఉపాధ్యాయులమైన మేము ప్రతి తరగతి వరండాలోను ఒక త్రాడు కట్టెదము. వానలో వచ్చిన ఏ బిడ్డయు తన గోనెను చెట్టుతొఱ్ఱలో దాచి రానక్కరలేదు.